కొక్కెము తగిలించు చోటు

అంతస్తు మీద అంతస్తుగా లేచుచున్న కట్టడముల యొద్ద, పరంజాపై నిలిచి గోడకు రంగు వేయుచున్న పనివానిని క్రిందినుండి చూచినప్పుడెల్ల, నా దృష్టి అతని చేతి కుంచె మీదికి గాని తలమీది హెల్మెట్ మీదికి గాని పోక, అతని వెన్నునుండి బయలుదేరిన త్రాటి చివరి కొక్కెము ఎక్కడ తగులుకొని యున్నదో వెదకును. పెక్కుచోట్ల అది దేనికిని తగులుకొని యుండదు. పనివాడు బెల్టు ధరించియే యుండును. కొక్కెము మాత్రము తొడప్రక్కన వ్రేలాడుచుండును. తనిఖీకి వచ్చినవారు పట్టీలను చూచి తృప్తులై మరలుదురు. కట్టడపు పనులు చేయించు వృత్తిలో చిరకాలము మెలగిన నాకు ఈ దృశ్యము కలిగించు వ్యథ ఇంతంత గాదు.

పనివారు బెల్టనెడి ఈ హార్నెస్ నిర్మాణమందు గొప్ప వివేకము కలదు. పూర్వము నడుమునకు మాత్రమే చుట్టెడి పట్టీ వలన, పడినవాని దేహభారమంతయు ఒక్క పెట్టున కడుపుమీదను వెన్నెముకమీదను పడి, ప్రాణము నిలుపవలసిన సాధనమే లోపలి అవయవములను గాయపరచుట కలదు. ఇప్పటి హార్నెస్ భుజములను, ఱొమ్మును, తొడలను చుట్టి ఆ తాకిడిని దేహమునకు పంచును. త్రాడు వీపు పైభాగమందలి వలయమునకు తగులును గనుక పడినవాడు తలక్రిందులు గాక నిటారుగా నిలుచును. త్రాటిలో మడచి కుట్టిన పట్టీ, కుదుపు తగులగానే కుట్లు వరుసగా తెగుచు సాగి, ఆ బలమును సుమారు 6 కిలోన్యూటన్లకు మించనీయదు. ఒకసారి పతనమును ఆపిన హార్నెస్ మరల వాడదగదు.

ఇంతటి సాధనమును సైతము కొక్కెము తగిలించిన చోటు వ్యర్థము చేయగలదు. 1.8 మీటర్ల త్రాటిని పాదముల యొద్ద తగిలించినచో, అది బిగియులోపల మనిషి 3 మీటర్లకు పైగా పడిపోవును. తలపైన తగిలించినచో ఆ దూరము మిక్కిలి తగ్గును. కిటికీ చువ్వకు తగిలించినచో ఆ చువ్వ ఊడవచ్చును. పరంజాకే తగిలించిన, అది కూలునాడు మనిషిని తనతో గొనిపోవును. పైకప్పు మీది దృఢమైన స్తంభమునకు కట్టి, పరంజాతో ఏ సంబంధము లేకుండ జారవిడిచిన లైఫ్‌లైన్ అనెడి త్రాడు ఉండవలెను. ఒకటి విప్పకముందే రెండవది తగిలించుకొనుటకు జంట కొక్కెములుండవలెను. వ్రేలాడువాని కాళ్లలో రక్తము నిలిచిపోవును గావున, తక్షణమే దింపగల మనుషులు క్రింద సిద్ధముగా నుండవలెను.

తెలంగాణమున తాడిచెట్టెక్కు గీత కార్మికుడు మోకును చెట్టుచుట్టు త్రిప్పి తగిలించుకొని, ఎక్కినకొలది తానే దానిని పైకి జరుపుకొనును. ఆ మోకు సైతము చాలదని గ్రహించి, 2024లో అచటి ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర కిట్లను పంచ నారంభించినది. గీత కార్మికునికి త్రాడు చుట్టుటకు చెట్టైన నున్నది. పరంజాపై నిలిచినవానికి ఎదుట నున్నది నున్నని గోడ. అతనికొక ఆధారమును కల్పించుట అతని పని గాదు, పని చేయించువాని విధి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టము సైతము ప్రమాద నివారణకు బాధ్యుడు యజమానియే యని చెప్పినది.

పనివాడే అలక్ష్యముతో కొక్కెము తగిలించుకొనడని మేస్త్రీలు చెప్పగా పలుమార్లు వింటిని. చదరపు అడుగున కింతయని కూలి కట్టినప్పుడు, కొక్కెము మార్చుకొను ప్రతి క్షణము అతని సంపాదననుండియే పోవుచున్నదని వారు ఎరుగరా? ఆ కాలమునకు గూడ కూలి చెల్లింపక నింద మాత్రము అతనిపై మోపుట అన్యాయము.

పండుగ ముందు ఇంటికి రంగు వేయింప దలచిన పాఠకులకు నా విన్నపము: బేరము కుదుర్చుకొనుటకు మునుపే మేస్త్రీని వెంటబెట్టుకొని మేడపైకి ఎక్కి, త్రాడు ఏ స్తంభమునకు కట్టుదురో చూపుమనుడు, అందుకగు అదనపు కూలిని బేరములోనే చేర్చుడు.