పుస్తకం పక్కనే పాట

కొన్ని పుస్తకాలు చదువుతుంటే మధ్యలో ఆపి మరో పని చెయ్యాలనిపిస్తుంది. అది పుస్తకం లోపం కాదు, దాని బలం. ఈ వారమంతా నా చేతిలో ఉన్నది సామల సదాశివ గారి ‘స్వరలయలు’. రెండు పేజీలు చదవడం, పుస్తకం బోర్లించి ఆయన చెప్పిన గాయకుడి రికార్డు వెతికి వినడం, మళ్లీ అవే రెండు పేజీలు చదవడం. రెండోసారి చదివినప్పుడు వాక్యం వేరేగా అర్థమవుతుంది. అప్పటికి చెవి సిద్ధమై ఉంటుంది కదా!

సదాశివ గారు కచేరీలు చేసిన గాయకుడు కారు. పాత ఆదిలాబాద్ జిల్లాలో 1928లో పుట్టారు. జీవితమంతా పాఠాలు చెప్పారు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ చదివారు. హిందుస్తానీ సంగీతాన్ని ఏళ్ల తరబడి వింటూ, విన్నదాన్ని తెలుగులో రాశారు. ఈ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాదే ఆయన వెళ్లిపోయారు.

ఆయన రాత పద్ధతి గమనించండి. ఆరోహణ, అవరోహణలతో మొదలుపెట్టి పాఠకుణ్ణి బెదరగొట్టరు. ముందు మనిషిని పరిచయం చేస్తారు. ఆ ఉస్తాద్ ఎవరు, ఏ ఘరానా, ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, పెద్దల ముందు ఎలా మసలుకున్నాడు, ఇవన్నీ ముచ్చటగా చెబుతారు. రాగం ఆ మనిషి వెంట నడిచి వస్తుంది. ఆ భాషలో ఆదిలాబాదూ ఉంటుంది, ఉర్దూ మర్యాదా ఉంటుంది. సంగీతం తెలియనివాడికి కూడా వినాలన్న కోరిక పుట్టించడం సంగీతం మీద రాసేవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని. తెలుగులో ఆ పని ఆయనంత ప్రేమగా చేసినవాళ్లు నాకు ఎక్కువమంది కనపడలేదు.

పుస్తకం పక్కన పెట్టుకుని నేను ఎక్కువగా విన్నది ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌ని. కసూరులో 1902లో పుట్టిన పటియాలా ఘరానా గాయకుడు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండలేక తిరిగి వచ్చేశారు. 1957లో భారత పౌరసత్వం తీసుకున్నారు. ఆయన ఆఖరి రోజులు మన హైదరాబాద్‌లోనే గడిచాయి. 1968 ఏప్రిల్‌లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి చేశారు. నగరంలో సంగీతం నేర్చుకునే పిల్లల్ని ఒక్కసారైనా అక్కడికి తీసుకువెళ్లి, ఇక్కడున్నది ఎవరో చెప్పాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవారికి నా జవాబు: ‘మొఘల్-ఎ-ఆజం’. నౌషాద్ సంగీతంలో 1960లో వచ్చిన ఆ సినిమా కోసం ఉస్తాద్ పాడారు. పాటకు పాతిక వేలు అడిగారన్న కథ అందరి నోటా ఉంది. ఆ కథ చెప్పుకునేవాళ్లు ఎక్కువ, పాటను మొదటినుంచి చివరిదాకా వినేవాళ్లు తక్కువ. సలీం అనార్కలి ముఖం మీద ఈక కదిలించే సన్నివేశంలో తాన్‌సేన్ గొంతుగా వినిపించేది సోహనీ. మన హంసానందికి చాలా దగ్గరి రాగం. ‘సాగరసంగమం’ (1983) ముగింపు పాటను ఇళయరాజా హంసానందిలోనే కట్టారు కాబట్టి ఆ ఛాయ తెలుగువాళ్ల చెవికి కొత్త కాదు. సోహనీలో పంచమం లేదు. సంచారం ఎక్కువగా పైనే, తారషడ్జం చుట్టూ. మామూలు గాయకుడు అంత పైకి వెళితే గొంతు బిగుసుకుంటుంది, చెవికి అరుపులా తగులుతుంది. ఉస్తాద్ గొంతు అక్కడికి వెళ్లి మరింత మెత్తబడుతుంది. భారీ మనిషి, భారీ గాత్రం, అయినా స్వరాన్ని పట్టుకున్న తీరు చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఉంటుంది. సోహనీ రాత్రి చివరి జామున పాడే రాగం. ఇల్లంతా సద్దుమణిగాక, ఇంకో పని పెట్టుకోకుండా వినండి.

ఇంకొకటి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం కోసం ఓలేటి వెంకటేశ్వర్లు గారు చేసిన ‘సంగీత శిక్షణ’ పాఠాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. ఆయన శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు. కర్ణాటక బాణీ చెడకుండా హిందుస్తానీ సొగసు గొంతులోకి తెచ్చుకున్నారు. ఆ సొగసులో బడే గులాం ఛాయ ఉందని రసికులు చెప్పుకుంటారు. ఈ వారం ఇద్దరినీ పక్కపక్కన పెట్టి విన్నాక ఆ మాట నిజమేననిపించింది. కచేరీ రికార్డుల కన్నా నాకు ఈ పాఠాలే ఇష్టం. గురువు ఒక సంగతి పాడతారు, శిష్యులు అందుకుంటారు. అదే పంక్తి ఇంకొంచెం పెరుగుతుంది, మళ్లీ అందుకుంటారు. కీర్తన మెట్టు మెట్టుగా మన ముందే లేస్తుంది. పాడడం రాకపోయినా ఎలా వినాలో నేర్పే పాఠాలివి.

కవిత్వం కావలసినవారికి సదాశివ గారే తెలుగు చేసిన అంజద్ రుబాయీలు ఉన్నాయి. 1908 మూసీ వరదలో తల్లినీ, భార్యనూ, కూతుర్నీ పోగొట్టుకున్న హైదరాబాదీ కవి అంజద్. రోజుకు రెండు మూడు పద్యాలకు మించి చదవకండి.

ఇన్ని విన్నాక పత్రికల్లో సంగీత సభల వార్తలు చదివితే బాధ కలుగుతుంది. జ్యోతి వెలిగించినవారి పేరు ఉంటుంది, శాలువా కప్పినవారి పేరు ఉంటుంది, వేదిక మీదున్న అందరి పేర్లూ ఉంటాయి. పాడిన అమ్మాయి ఏ రాగం ఎత్తుకుంది, ఏ కీర్తన పాడింది, వయొలిన్ మీద, మృదంగం మీద ఎవరున్నారు, ఆ ఊసే ఉండదు. ఏళ్లపాటు సాధన చేసిన గొంతుకు ఒక్క వాక్యం దక్కదు. పాట ఎలా సాగిందో రాసేవాళ్లు లేకపోతే ఎలా వినాలో చెప్పేవాళ్లూ ఉండరు. సదాశివ గారి లాంటి రచయిత మళ్లీ రావాలంటే ఆ రాతకు పత్రికలో చోటుండాలి.

అందుకే జిల్లా విలేకరులకూ, సంపాదకులకూ నా విన్నపం ఒక్కటే. ఈసారి సభ వార్తలో ముందు పాడినవారి పేరు, పాడిన రాగం, పక్కవాద్యాల వారి పేర్లు రాయండి. శాలువాల సంగతి చోటు మిగిలితే చూద్దాం.