నొప్పికి సరిపడా కిరణం

అల్ ఘర్రాఫా నుంచి కారులో పావుగంట, ఇరవై నిమిషాలు వెళ్తే దోహాలోని హమద్ బిన్ ఖలీఫా మెడికల్ సిటీ వస్తుంది. జాతీయ క్యాన్సర్ చికిత్స, పరిశోధన కేంద్రం ఉన్నది అందులోనే. 2004లో అల్ అమల్ ఆసుపత్రిగా మొదలైంది కాబట్టి పాతవాళ్లు ఇంకా ఆ పేరే వాడతారు. ఘర్రాఫా విల్లాల్లో డ్రైవరుగా ఉన్నవాళ్లయినా, ఫ్లాట్‌లో కుటుంబంతో ఉండే ఇంజనీరయినా ప్రభుత్వ వైద్యంలో రేడియేషన్ పెట్టించుకోవాలంటే చేరేది అక్కడికే.

నేను చెప్పబోయేది జబ్బును నయం చేసే రేడియేషన్ గురించి కాదు. జబ్బు ఎముకలకు పాకిందని, ఇక పూర్తిగా పోదని తేలాక, నొప్పి తగ్గించి మనిషిని లేపి కూర్చోబెట్టడానికి ఇచ్చే రేడియేషన్ గురించి. నయం చేసే చికిత్సకు ఉన్న పేరు దీనికి లేదు. ‘ఏదో చివర్లో నాలుగు రోజులు కరెంటు పెట్టారు’ అని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. నా మటుకు నాకు ఆ విభాగంలో అసలైన పనితనం ఇక్కడే కనిపిస్తుంది. ఎంత ఇవ్వాలో తెలియడం ఒక ఎత్తు. ఎంతతో ఆపాలో తెలియడం మరో ఎత్తు.

పని మాటలతో మొదలవుతుంది. ‘సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత?’ అని అడిగితే మనవాళ్లు అంకె చెప్పరు. ‘ఓర్చుకుంటున్నా సార్’ అంటారు. బరువులు మోసే పనుల్లో ఏళ్లు గడిపినవాళ్లకు నడుంనొప్పి కొత్తా పాతా! అందుకే అనుభవమున్న డాక్టరు అంకె దగ్గర ఆగరు. రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటున్నారు? రూములో పై బెడ్డు ఎక్కగలుగుతున్నారా? కాళ్లలో తిమ్మిరి ఉందా? మూత్రం ఎప్పటిలాగే వస్తోందా? చివరి రెండు ప్రశ్నలూ వెన్నుపాము కోసం. అది నొక్కుకుపోతున్న జాడ కనిపిస్తే ఇక రోజుల లెక్క ఉండదు, గంటల లెక్కే. వెంటనే స్టెరాయిడ్, ఎంఆర్ఐ, ఆపరేషన్ చేయగలరేమో సర్జన్ అభిప్రాయం, లేదంటే రేడియేషన్.

నడుము పూసల్లో ఒకదానికి జబ్బు తగిలిన మనిషిని ఊహించుకోండి. ఆయన వెల్లకిలా పడుకోలేడు. రేడియేషన్ మిషన్ బల్ల చూస్తే గట్టిగా, చదునుగా ఉంటుంది, ఎందుకంటే మెత్తటి పరుపు మీద ఒళ్లు ఒకసారి దిగినంత లోతుకే మళ్లీ దిగదు. కాబట్టి మొదట నొప్పి మందు. మార్ఫిన్ మాత్ర వేశాక అరగంటో గంటో ఆగి, పని చేయడం మొదలయ్యాకే బల్ల మీదకు చేరుస్తారు. మోకాళ్ల కింద దిండు పెడతారు. మోకాళ్లు కాస్త లేస్తే నడుము బల్లకు ఆనుకుంటుంది, కండరాల బిగువు వదులుతుంది. అప్పటికీ పడుకోలేకపోతే మంచి టెక్నీషియన్ బలవంతపెట్టడు, పక్కకు తిప్పి పడుకోబెట్టి దానికి తగ్గట్టు కిరణం కోణం మార్చమని ఫిజిసిస్టును అడుగుతాడు.

తర్వాత సీటీ సిమ్యులేటర్ మీద స్కాన్. ఇక్కడే పూసలు లెక్కపెట్టాలి. వినడానికి చిన్న పనే. కానీ కొందరికి అయిదో నడుము పూస కింది త్రికాస్థితో కలిసిపోయి ఉంటుంది, కొందరికి నడుము పూస ఒకటి ఎక్కువే ఉంటుంది. కింది నుంచి లెక్కపెట్టిన డాక్టరు నాలుగో పూస అన్నది, పై నుంచి లెక్కపెట్టిన డాక్టరుకు మూడోది కావచ్చు. అందుకే చివరి పక్కటెముక నుంచి ఒకసారి, త్రికాస్థి నుంచి ఒకసారి లెక్కపెట్టి, ఎంఆర్ఐతో సరిచూసుకుని, ఆ మీదట వేలితో నొక్కి రోగినే అడుగుతారు: ‘ఇక్కడేనా?’ స్కాన్‌లో కనిపించే మచ్చలన్నీ నొప్పి పెట్టవు. నొప్పి పెట్టే మచ్చ ఏదో చెప్పగలిగింది రోగి ఒక్కడే.

వెన్నుకు పాతకాలం నుంచీ వస్తున్న పద్ధతి వీపు వైపు నుంచి ఒకే కిరణం. జబ్బున్న పూసకు పైన ఒకటి, కింద ఒకటి కలుపుకుని పొడవు గీస్తారు, చర్మం నుంచి అయిదారు సెంటీమీటర్ల లోతుకు మోతాదు లెక్కకడతారు. హంగులున్న లీనియర్ యాక్సిలరేటర్ అయినా, మన దగ్గర ఎన్నో ఆసుపత్రుల్ని నిలబెట్టిన కోబాల్ట్ మిషన్ అయినా ఈ పని చక్కగా చేస్తుంది. కిరణం పూస దాటి ముందుకు పోయి పేగులకు తగులుతుందని ముందే తెలుసు కనుక, వాంతి రాకుండా మాత్ర ముందుగానే ఇస్తారు. వైద్యం బాగుందా లేదా అని నేను చూసేది ఇలాంటి చోట్లే.

మోతాదు సంగతి. ఒంటికి అందిన రేడియేషన్‌ను గ్రేలలో కొలుస్తారు. చాలాకాలం 10 సిట్టింగుల్లో 30 గ్రేలు ఇవ్వడం అలవాటు. ఒకే సిట్టింగులో 8 గ్రేలు సరిపోతాయా అని అమెరికాలో 898 మంది రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. రెండు పద్ధతుల్లోనూ మూడింట రెండు వంతుల మందికి నొప్పి తగ్గింది. ఒక్క సిట్టింగు వాళ్లలో దుష్ప్రభావాలు తక్కువ. అదే చోట మళ్లీ రేడియేషన్ అవసరమైంది మాత్రం వాళ్లలో రెట్టింపు మందికి, 9 శాతం బదులు 18 శాతం. నెదర్లాండ్స్‌లో వెయ్యి మందికి పైగా రోగులతో చేసి 1999లో ప్రకటించిన అధ్యయనంలోనూ నొప్పి విషయంలో ఇదే తేలింది. గడ్డ కరగడానికి ముందే నొప్పి ఎందుకు తగ్గుతుందంటే, ఎముకను కొరికే కణాల మీద, వాపు పుట్టించే రసాయనాల మీద కిరణం పనిచేస్తుందని శాస్త్రజ్ఞుల భావన.

గల్ఫ్‌లో బతికే మనిషికి ఈ లెక్క చాలా పెద్దది. హైదరాబాదుకు విమానంలో నాలుగు గంటలు. అక్కడి నుంచి జగిత్యాలకో కడపకో రోడ్డు ప్రయాణం. కొన్ని నెలలే మిగిలిన మనిషికి పది రోజుల ఆసుపత్రి తిరుగుడు ఒక్కరోజుకు తగ్గితే, ఆ మిగిలిన రోజులు పిల్లల దగ్గర గడుస్తాయి. అయితే రేడియేషన్ పెట్టిన తర్వాత ఒకట్రెండు రోజులు నొప్పి కాస్త పెరగవచ్చు, మూడో వంతు మందికి పైగానే ఇది జరుగుతుంది. కెనడాలో 2015లో ప్రకటించిన పరీక్షలో 8 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఇస్తే అది 35 శాతం నుంచి 26 శాతానికి దిగింది. పూర్తి ఉపశమనానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈ రెండు మాటలూ ముందే చెప్పకపోతే రోగి విమానంలో మెలికలు తిరుగుతూ, వైద్యం వికటించిందని భయపడతాడు.

అన్నిటికీ ఒక్క సిట్టింగు చాలదు. జబ్బు సగం తినేసి తొడ ఎముక విరగడానికి సిద్ధంగా ఉంటే ముందు రాడ్డు వేయించాలి, ఎందుకంటే రేడియేషన్ నొప్పి తగ్గించినా ఎముకకు బలం తిరిగి రావడానికి నెలలు పడుతుంది. నోటి క్యాన్సర్ గడ్డ పెరిగి మింగుడుపడకపోతే రోజుకు రెండుసార్ల చొప్పున రెండు రోజులు ఇచ్చి, మూడు నాలుగు వారాలు ఆగి మళ్లీ ఇచ్చే పద్ధతి ఉంది. పొగాకు, గుట్కా అలవాట్లున్న మన ప్రాంతాలకు ఇది బాగా అక్కరకొస్తుంది. ఇక అసలు ఇవ్వకపోవడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కు వీల్లేని 538 మంది మీద చేసి 2016లో ప్రకటించిన బ్రిటిష్ పరీక్షలో, మెదడు మొత్తానికి రేడియేషన్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ‘ఏదో ఒకటి చేయండి డాక్టర్‌గారూ’ అని చేతులు పట్టుకునే బంధువుల ముందు కూర్చుని, ఎందుకు వద్దో నింపాదిగా చెప్పడం మిషన్ నడపడం కన్నా కష్టమైన పని అనుకుంటాను.

ఊరికి బయల్దేరేవాళ్లు అడిగి తీసుకోవలసింది ఒకటుంది. ఏ పూస నుంచి ఏ పూస దాకా, ఏ తేదీన, ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగులు అని రాసిన చికిత్స కాగితం, దానితోపాటు కిరణం హద్దులు చూపించే బొమ్మ. నొప్పి తిరగబెడితే అదే చోట రెండోసారి రేడియేషన్ ఇవ్వవచ్చు, సాధారణంగా నెల తర్వాత. కానీ వెన్నుపాము జీవితం మొత్తంలో భరించగలిగే మోతాదుకు హద్దు ఉంది. పాత లెక్క చేతిలో లేకపోతే హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలోని డాక్టరు ఎంత నిపుణుడైనా చేయి వెనక్కి తీసుకోవలసిందే. దోహాలో పొందిగ్గా రాసి ఇచ్చిన ఆ కాగితం ఉంటే ఆయన పాత హద్దు పక్కనే కొత్త హద్దు గీసుకుని, అదే వారంలో పని మొదలుపెట్టగలడు.