నెత్తిమీది గుడ్డ

పాతకారు చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు బానెట్ ఎత్తమంటారు. తర్వాత రంగు తడుముతారు, హారన్ కొడతారు. లోపల కూర్చుని తలెత్తి కప్పు చూసేవాడు వందలో ఒక్కడుంటాడు. నన్నడిగితే అసలైన కార్ల పిచ్చోడు వాడే.

కప్పుకు లోపలివైపు ఉండే టాప్ లైనింగ్ అంటే గుడ్డేగా అని తీసిపారేయకండి. 1950ల నాటి మోరిస్ మైనర్ లాంటి కార్లలో అది రేకుకు అంటించింది కాదు, వేలాడదీసింది. గుడ్డ వెనకవైపు గొట్టాల్లా కుట్టిన మడతల్లో ఇనప కమ్మీలు దూర్చి, వాటి చివర్లు రెండు పక్కలా బాడీకి తొడిగి, అంచులు బిగలాగి సొల్యూషన్‌తో పట్టిస్తారు. ఏ కమ్మీ వంపు దానిదే. విప్పేటప్పుడు సుద్దతో నంబర్లు వేసుకోకపోతే మళ్ళీ ఎక్కించేసరికి తలప్రాణం తోకకొస్తుంది. గుర్రపు బగ్గీల నాటి పనితనం అంటారు. ఫియట్ అభిమానులు కోప్పడినా సరే, మోరిస్ కప్పు అందం మోరిస్‌దే.

ఆ గుడ్డకు పట్టిన మరక వదిలించడంలో మొనగాడంటే విజయవాడ ఆటోనగర్‌లో మా సాయిబుగారే. ముందు మరకను వేలితో రాసి వాసన చూసేవారు. అద్దం పక్కన అంచు కట్టిన గోధుమరంగు చారైతే వాననీరు. రబ్బరు బీడింగ్ గట్టిపడి పగిలిందన్నమాట. “ముందు కారేది ఆపు బాబూ, మరక సంగతి తర్వాత” అనేవారు. కమ్మీ వెంట ఎర్రగా ఉంటే తుప్పు. డ్రైవరు నెత్తిమీద పచ్చగా పాకితే సిగరెట్ పొగ.

కుంకుడుకాయలు నానబెట్టి పిసికి, గిలక్కొట్టి, పైన తేలిన నురగ మాత్రమే స్పాంజితో ఎత్తుకునేవారు. అడుగు రసం తగిలిందా, అదో కొత్త మరక! మొదట సన్‌వైజర్ వెనక కనబడని మూలలో పరీక్ష. ఆ తర్వాత రుద్దకుండా అద్దుతూ, ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా పట్టీ మొత్తం ఒకే ఊపులో. మధ్యలో ఆపితే తడి ఆగినచోట గీత పడుతుంది. వెంటనే గట్టిగా పిండిన తెల్ల పంచెగుడ్డతో నురగ ఎత్తేయాలి. గుడ్డ నానిపోతే వెనకున్న దుమ్మూ తుప్పూ కిందికి దిగుతాయి.

ఒకసారి పెళ్ళికి వెళ్ళొచ్చిన మైనర్ కప్పుకు ఎవరిదో పసుపు చెయ్యి అంటింది. నేను సబ్బు అందుకోబోతే సాయిబుగారు ఆపారు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపుకు విరుగుడు ఎండ, కానీ కారు లోకప్పు మీద ఎండెలా పడుతుంది? తలుపు తెరిచి, సీటు మీద మొహం చూసుకునే పాత అద్దం ఆనించి, ఎండను పైకి మళ్ళించారు. పొద్దు జరిగేకొద్దీ అద్దాన్ని జరుపుతూ నాలుగు రోజులు కాపలా కాశారు. ఐదో రోజు వేళ్ళ గుర్తుల కోసం వెతికాను, దొరకలేదు!

ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళినా ఒకటే మాట. “పీకేద్దాం సార్, కొత్తది కొట్టేద్దాం.” కమ్మీలు పాతఇనుము కొట్టుకు పోతాయి. స్పాంజి వెనకేసిన గుడ్డను స్ప్రే గమ్ముతో రేకుకు అంటిస్తారు. మన ఎండలకు గమ్ము వదిలి, స్పాంజి పొడిగా రాలి, గుడ్డ బుడగలు కట్టి డ్రైవరు బుర్రమీద వాలుతుంది. పైగా మిణుకు మిణుకు చుక్కల లైట్లొకటి! తాతకు ముఖమల్ కోటు తొడిగి తమాషా చూసినట్టుంటుంది.

సాయిబుగారు పోయారు. కొడుకు సీటు కవర్లు అమ్ముతున్నాడు. అతన్నేమీ అనను. గుడ్డ కడిగినందుకు నాలుగు రోజుల కూలి ఎవరిస్తున్నారు? ఇంజనుకు లక్షలు పోసే అయ్యలారా, ఆ కూలికి బేరమాడకండి. మరక ఛాయ కాస్త మిగిలినా పాత గుడ్డనే ఉంచుకోండి. అదీ కుదరదా, కనీసం కమ్మీలకు నంబర్లు వేసి అటకెక్కించండి. గుడ్డ ఎప్పుడైనా కుట్టించుకోవచ్చు. కమ్మీలు పోయాక సాయిబుగారే లేచొచ్చినా చేసేదేమీ లేదు.