'అట' అన్న ముక్క

ఈమధ్య గృహప్రవేశానికి వెళ్ళినా, షష్టిపూర్తికి వెళ్ళినా భోజనాలయ్యాక ఒక కార్యక్రమం తప్పడం లేదు. ఎవరో ఒకరు పాత ఫొటో తెచ్చి, "ఇదెవరో చెప్పుకోండి చూద్దాం!" అంటారు. మొన్న మా చుట్టాలింట్లోనూ అదే జరిగింది. ఖాకీ బట్టలు వేసుకుని, కుర్చీ మీద చెయ్యి ఆన్చి నిలబడ్డ ఇరవయ్యేళ్ళ కుర్రాడు. మా అమ్మకి పెద్దమామయ్య. మా పెద్దమ్మ కొడుకు ఆ ఫొటోని పెద్దది చేయించి, అద్దం కట్టించి, కింద బంగారు అక్షరాలతో రాయించాడు: "బర్మా రంగంలో జపాను సేనలతో పోరాడి వీరమరణం."

అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం కొట్టలేదు. "అసలు ఫొటో వెనక ఏముందో చూశావుట్రా?" అంది.

తిప్పి చూస్తే స్టూడియో ముద్ర. ఊరు కైరో!

అయితే ఇంతకాలం చెప్పుకున్న కథ అబద్ధమా? తొందరపడకండి. అయిదో భారత డివిజను ముందు ఆఫ్రికాలో పోరాడి, 1944లో అరకాన్‌లోనూ, ఇంఫాల్, కోహిమాల దగ్గరా జపానువాళ్ళని ఎదుర్కొంది. కైరోలో ఫొటో దిగినవాడు బర్మాలో పోకూడదని ఎక్కడా లేదు. కాని పోయాడని ఈ ఫొటో చెప్పదు. చెప్పనిదాన్ని దానిచేత చెప్పించడమే మనం చేస్తున్న పొరపాటు. ఫొటో చెప్పేది వినడానికి కాస్త ఓపిక కావాలి. ఛాతీ మీద బర్మా స్టార్ రిబ్బను ఉందనుకోండి, ఆ ఫొటో 1945కి ముందుది కానే కాదు. ఆ పతకం ఏర్పాటైందే ఆ ఏడు. మామయ్య ఛాతీ మీద ఏ రిబ్బనూ లేదు.

రఘు కర్నాడ్ 2015లో ఇంగ్లీషులో రాసిన 'ఫార్దెస్ట్ ఫీల్డ్' ఇలాంటి ఫొటోల్లోంచి పుట్టిన పుస్తకమే. అమ్మమ్మ ఇంట్లో చిన్నప్పటినుంచీ చూస్తున్న ముగ్గురు యువకుల ఫొటోలు. అందులో ఒకరు సాక్షాత్తూ తాతగారు. ముగ్గురూ రెండో ప్రపంచయుద్ధానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళే. వాళ్ళ గురించి అడగాలన్న ఆలోచన మనవడికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ యుద్ధంలో మన సైన్యంలో 25 లక్షలమంది చేరారు. తెల్లదొరల తరఫున వెళ్ళారు కనక, స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ళ కథ చెప్పుకోవడానికి ఇంట్లోవాళ్ళకే మొహమాటమైంది. ఆ మొహమాటాన్ని వదిలించిన పుస్తకం ఇది. అందుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఒక్కచోట మాత్రం నాకు పేచీ. కర్నాడ్ చాలా పరిశోధించి రాశాడు. కాని రాసింది నవలలా రాశాడు. కాగితం ఎక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ అందుకుందో చదివేవాళ్ళకి తెలియదు. నవలలు రాసేదాన్ని గనక ఆ పని ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే భయం కూడా.

మన తెలుగులో ఆ భయానికి మందుంది. 'అట'. "వెళ్ళాడట", "పోయాడట". నేను చూడలేదు, విన్నాను, అని ఒక్క ముక్కలో ఒప్పేసుకుంటాం. అమ్మమ్మలు కథ చెబితే ప్రతి వాక్యానికీ అది ఉండేది. బంగారు అక్షరాల్లోకి ఎక్కేసరికి మాయమవుతోంది.

మా ఇంట్లో ఆ ముక్క విలువెంతో ఆవేళ అమ్మ చెప్పింది. తంతిలో వచ్చింది "ఆచూకీ తెలియడం లేదు" అని మాత్రమేనట. ఏడాది తర్వాత పొరుగూరి సిపాయి ఒకడు, "బర్మాలో పోయాడట" అన్నాడు. అతనూ కళ్ళారా చూడలేదు. ఆ ఒక్క 'అట' నమ్మి పెద్దవాళ్ళు పెద్దత్తయ్య గాజులు తీయించారు. అప్పటికి ఆవిడకి పద్ధెనిమిదేళ్ళు. "తంతిలో పోయాడని రాయలేదుగా!" అని ముసలితనంలో కూడా అనేదట.

రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానవాటికలోని స్మారకం మీద, సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ జాబితాలో వెతికాను. మామయ్య పేరున్నవాళ్ళు ఒకరు కాదు, నలుగురు కనబడ్డారు. తండ్రి పేరూ, ఊరూ కలిసినవాడు మాత్రం ఇంతవరకూ దొరకలేదు. నలుగురిలో ఒకణ్ణి మావాడనేసుకుంటే ఎవరూ కాదనరు. కాని ఇంకో ఇంటి బిడ్డని ఎత్తుకొచ్చుకున్నట్టు కాదూ?

మా అన్నయ్య నొచ్చుకున్నాడు గాని మంచివాడు. అద్దం విప్పించి కింద మళ్ళీ రాయించాడు: "కైరోలో దిగిన ఫొటో. బర్మాలో పోయాడట." పక్కన కాస్త చోటు మిగిలితే, అమ్మ అక్కడ పెద్దత్తయ్య పేరు రాయించింది. ఆవిడ ఫొటో కూడా పెడదామని అన్ని ట్రంకుపెట్టెలూ వెతికాం. ఒక్కటీ లేదు.

మీ ఇంట్లో ఖాకీ బట్టల తాతయ్య ఎవరైనా ఉంటే, ముందు ఫొటో వెనక్కి తిప్పి చూడండి. తర్వాత, ఆయన కోసం గుమ్మంలో ఎదురుచూసినవాళ్ళ పేర్లు అడగండి. చెప్పేవాళ్ళు ఉండగానే అడగండి సుమా!