త్సిబుల్‌స్కీ ఒంటితో చెప్పిన చరిత్ర

1945 మే 8. జర్మనీ లొంగిపోయిన రోజు. పోలాండులో ఒక చిన్న ఊరు, అందులో ఒక హోటలు, తెల్లవారేదాకా సాగే విందు. ఆంజేయ్ వైదా 1958లో తీసిన 'యాషెస్ అండ్ డైమండ్స్' కథంతా దాదాపు ఇంతలోనే జరిగిపోతుంది. నాయకుడు మాచెక్ నాజీల మీద పోరాడిన పోలిష్ రహస్య సైన్యం హోం ఆర్మీ కుర్రాడు. ఇప్పుడు అతనికి వచ్చిన ఆదేశం వేరు: కొత్త ప్రభుత్వం తరఫున వచ్చిన కమ్యూనిస్టు నాయకుడు ష్చూకాను చంపాలి. ఈ వేషానికి ఆ కాలపు దుస్తులు వేయబోతే నటుడు జ్బిగ్నియెవ్ త్సిబుల్‌స్కీ వద్దన్నాడు. తాను రోజూ తిరిగే తీరులోనే, జాకెట్టుతో, బిగుతు ప్యాంటుతో, నల్లకళ్లద్దాలతో నటిస్తానని పట్టుబట్టాడు. వైదా ఒప్పుకున్నాడు. చరిత్రను తెరకెక్కించేవాళ్లు దీన్ని తప్పే అంటారు. పోలిష్ సినిమా నటనలో ఒక కొత్త దారి మాత్రం ఆ తప్పుతోనే తెరుచుకుందని నేను నమ్ముతాను.

ఎందుకో తెలియాలంటే ఆనాటి ప్రేక్షకులు ఎవరో తెలియాలి. 1944 ఆగస్టు 1న మొదలైన వార్సా తిరుగుబాటు 63 రోజులు సాగింది. నగరం నేలమట్టమైంది. పోరాడినవాళ్లు ఎక్కువమంది హోం ఆర్మీ వాళ్లు. యుద్ధం ముగిశాక వాళ్లలో చాలామందిని కొత్త ప్రభుత్వం జైళ్లలో పెట్టింది, శత్రువులని ముద్ర వేసింది. స్టాలిన్ కాలపు సినిమాల్లో నాయకుడు నిటారుగా నిలబడి, సందేహమన్నది లేకుండా ఉపన్యాసం ఇచ్చేవాడు. 1956లో రాజకీయాల పట్టు కాస్త సడలాక వైదా, ఆంజేయ్ ముంక్, యెజీ కవలెరోవిచ్, వోయ్‌చెక్ హాస్ లాంటి దర్శకులు యుద్ధాన్ని మళ్లీ తవ్వారు. వీళ్లనే పోలిష్ ఫిల్మ్ స్కూల్ అంటారు. కెమెరా పనితనం గురించి చాలామంది రాశారు. నటుల పని గురించి అంత రాయలేదు. అక్కడి సెన్సారు మాటను పట్టుకోగలదు గాని నడకను పట్టుకోలేదు. ఆ సంగతి అందరికంటే బాగా వాడుకున్నవాడు త్సిబుల్‌స్కీ.

ఆ విద్య అతనికి నాటకాల నుంచి వచ్చింది. 1927లో పుట్టి, క్రాకూవ్ నాటక పాఠశాలలో చదువు ముగించి, గ్దాన్స్క్ చేరి, మిత్రుడు బొగుమిల్ కొబ్యెలాతో కలిసి 1954లో 'బిమ్-బోమ్' అనే విద్యార్థి నాటక బృందం నడిపాడు. చిన్న చిన్న దృశ్యాలు, మూకాభినయం, సంగీతం, చేతిలో ఒక వస్తువు. మాటలు తక్కువ. చెప్పకూడనిదాన్ని చూపించడం అక్కడే ఒంటబట్టింది.

మాచెక్ పాత్రలో ఆ అలవాటు అడుగడుగునా కనిపిస్తుంది. త్సిబుల్‌స్కీకి హ్రస్వదృష్టి ఉండేది, కళ్లద్దాలు తప్పవు. సినిమాలో వాటికి ఒక కారణం దొరికింది: తిరుగుబాటు రోజుల్లో వార్సా మురుగుకాల్వల చీకట్లో గడిపినవాడి కళ్లు వెలుగును ఓర్చుకోలేవు. నటుడి లోపమే పాత్రకు గాయమైంది. బారు దగ్గర అతను మద్యం గ్లాసుల్ని ఒక్కొక్కటిగా వెలిగిస్తుంటే, చనిపోయిన సహచరుల పేర్లు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఆ పేర్లకు అప్పటికి దేశంలో బహిరంగ స్మారకాలు అరుదు. ఇక ష్చూకాను కాల్చే క్షణం. తూటా తగిలిన మనిషి ముందుకు తూలి, తనను చంపినవాడి చేతుల్లోనే వాలిపోతాడు. కొడుకును కావలించుకున్నట్టే ఉంటుంది. వెనక ఆకాశంలో విజయోత్సవపు బాణాసంచా. ఎవరి పక్షం నిలబడాలో చూసేవాడికి తెలియదు. నేను చూసిన సినిమాల్లో ఇంత భారమైన కౌగిలి మరొకటి లేదు.

మరణం సంగతి. సైనికుల తూటా తగిలిన మాచెక్ ఆరేసిన తెల్లదుప్పట్ల మధ్య దాక్కుంటాడు, గుడ్డ మీద నెత్తురు పాకుతుంది. చివరికి చెత్తకుప్ప మీద ముడుచుకుని, చిన్నపిల్లాడిలా మూలుగుతూ పోతాడు. విప్లవ శత్రువుకు చెత్తకుప్పే గతి అని అధికారులు సరిపెట్టుకునే వీలుంది. హాల్లో కూర్చున్నవాళ్లు మాత్రం తమ పిల్లవాణ్ణి అలా పారేసిన వ్యవస్థను చూశారు. ఒకే దృశ్యం ఇద్దరికీ రెండు కథలు చెప్పింది. నడుస్తున్న కాలపు బట్టల్లో ఉన్నాడు గనుక ఆ చచ్చిపోయినవాడు 1945 వాడు మాత్రమే కాకుండా, పక్క సీటులో కూర్చున్న కుర్రాడు కూడా అయ్యాడు.

ఈ పాత్ర అతణ్ణి వదల్లేదు. 'పోలిష్ జేమ్స్ డీన్' అన్న పేరు అంటుకుంది. నాకు ఆ పోలిక చిన్నదిగా తోస్తుంది. అమెరికన్ నటుడు డీన్ పాత్రల కోపం ఇంటి గోడల మధ్యది, మాచెక్ మీద ఒక దేశపు ఓటమి బరువుంది. త్సిబుల్‌స్కీ గొప్పతనం ఆ కీర్తిని తానే పరీక్షకు పెట్టడంలో ఉంది. హాస్ తీసిన 'హౌ టు బి లవ్డ్' (1963)లో యుద్ధకాలమంతా ఒక స్త్రీ ఇంట్లో దాక్కుని, ఆమె త్యాగాన్ని తింటూ బతికే డాంబికపు నటుడిగా కనిపిస్తాడు. తదేవుష్ కొన్విత్స్కీ 'సాల్తో' (1965)లో అవే నల్లకళ్లద్దాలతో ఒక ఊరికి వచ్చి, తన గతం గురించి ఎన్నో కథలు చెబుతాడు. ఏది నిజమో ఎవరికీ తేలదు. తన వీరగాథను తానే అనుమానించగల నటులు ఏ భాషలోనైనా అరుదే.

1967 జనవరి 8న వ్రోత్స్వావ్ స్టేషనులో, కదులుతున్న వార్సా రైలు ఎక్కబోయి జారిపడి చనిపోయాడు. అప్పటికి 39 ఏళ్లు. 'యాషెస్ అండ్ డైమండ్స్' షూటింగు చాలావరకు జరిగిందీ ఆ నగరంలోనే. తర్వాత వైదా 'ఎవ్రీథింగ్ ఫర్ సేల్' తీశాడు: షూటింగుకు రాకుండా పోయిన నటుడి కోసం వెతుకులాట, ఆ నటుడి పేరు మాత్రం సినిమాలో ఎక్కడా వినపడదు. 1969 నుంచి పోలాండులో యువనటులకు త్సిబుల్‌స్కీ పేరిట అవార్డు ఇస్తున్నారు.

ఇతణ్ణి ఇంకా చూడనివారు ముందు 'యాషెస్ అండ్ డైమండ్స్' చూడండి, ఆ వెంటనే 'సాల్తో' చూడండి. నటన నేర్చుకుంటున్న మన పిల్లలైతే మొదటిదాన్ని ఒకసారి శబ్దం ఆపేసి కూడా చూడాలి.