శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్వీయచరిత్ర: కొంత విచారము

చరిత్రము వ్రాయుట వేఱు, స్తోత్రము పఠించుట వేఱు. స్త్రీల జీవితములనుగూర్చి మన భాషలో వెలువడు రచనలు పెక్కింటియం దీ భేదము కానరాదు. మొదటి పుటలో ‘వీరనారి’, కడపటి పుటలో ‘ధన్యజీవి’. నడుమ నామె పడిన శ్రమ మాత్రము మాయమగును. శ్రీమతి దుర్గాబాయి 1980లో ఆంగ్లమున ప్రకటించిన ‘చింతామణ్ అండ్ ఐ’ అను స్వీయచరిత్రను మరల చదువునపుడు మా కీ లోపము మిక్కిలిగ స్ఫురించినది. చింతామణ్ అనగా 1953లో ఆమె వివాహమాడిన సి. డి. దేశ్‌ముఖ్, అప్పటి భారత ఆర్థికమంత్రి.

ఇటీవల మా తరగతిలోని బాలబాలికల నామెనుగూర్చి యడిగితిమి. చేతులెత్తినవారందఱు నొక్క కథనే చెప్పిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు సమయమున ప్రదర్శనశాల వాకిట స్వయంసేవికగా నిలిచిన యా బాలిక, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. టిక్కెట్టు కొన్న పిమ్మటనే దారి విడిచెను. కథ నిజమే, ముచ్చటయైనదే. కాని తరువాత నామె యేమి చేసినదని యడుగగా తరగతి యంతయు మౌనము వహించినది. తప్పు పిల్లలది కాదు. వారికి చెప్పిన మనది.

ఆ కథ మన కంత ప్రియమగుటకు కారణము లేకపోలేదు. అందు నిలుపబడినవాడు మహాపురుషుడు, నిలిపినది చిన్నది. ఆయన కోపింపక మెచ్చుకొనెను గనుక మనమును మెచ్చుకొందుము. మన ఆచారముల కందువలన ఏ బాధయు లేదు. ఈ గ్రంథముననే యున్న వేఱొక ఘట్టము మనల నట్లు సుఖముగ నుండనీయదు.

ఎనిమిదేండ్లకే పెండ్లియై, పదునైదేండ్ల ప్రాయమున నా బంధమునుండి వైదొలగి, 1930 మొదలు 1933 వఱకు మూడు మార్లు చెరసాలకు పోయి వచ్చిన యీమె, కాశీ విశ్వవిద్యాలయపు పరీక్షలు గడచి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరగోరెను. స్త్రీలకు వసతిగృహము లేదు గావున చేర్చుకొనుట పొసగదని సమాధానము వచ్చినది. అంతట నామె, వసతి లేక చదువు మానుకొన్న స్త్రీలు తనకు వ్రాయవలసినదని పత్రికలో ప్రకటన వేయించెను. వ్రాసినవారిని కూర్చుకొని తానే వసతిగృహము నేర్పఱచెను. తనకు మూయబడిన తలుపును తన యొక్కతెకే గాక పదుగురికి తెఱపించినది.

ఆలంకారికుల మాటలో చెప్పవలెనన్న, చదువు తెగిపోయిన స్త్రీని మరల చదువునకు దెచ్చుటయే యీ జీవితమునకు స్థాయిభావము. బాల్యముననే ఆమె స్త్రీలకొఱకు హిందీ పాఠశాల పెట్టెను. మదురై చెరసాలలో, చట్ట మెఱుగమిచే తమపక్షమున చెప్పుకొనజాలక శిక్ష ననుభవించు స్త్రీలను చూచి న్యాయశాస్త్రము చదువ సంకల్పించెను. 1937లో మద్రాసున స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో, వితంతువులను, భర్తలు విడిచినవారిని కాశీ మెట్రిక్యులేషనుకు సిద్ధపఱచెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమున కధ్యక్షురాలైన పిమ్మట, 1958లో ఆ ప్రయత్నమే వయోజన స్త్రీల సంక్షిప్త విద్యాప్రణాళికగా దేశమంతట వ్యాపించినది. ఆ యేటనే స్త్రీవిద్యపై నియమింపబడిన జాతీయ సంఘమునకును ఆమెయే అధ్యక్షురాలు.

ఇంతటి సూత్రము గలిగియు గ్రంథమం దది యచ్చటచ్చట తెగిపోవుచున్నది. పూర్వభాగమున మనుష్యులున్నారు, ఉత్తరభాగమున సంఘములు, ఉపసంఘములు, ప్రణాళికలు నిండినవి. ఆ విద్య నేర్చి బ్రదుకు మార్చుకొన్న యొక్క స్త్రీ ముఖమైనను మా మనస్సున నిలువలేదు. పని చేసినవారికి పనియే ప్రధానమగుట సహజము. చదువరికి మాత్రము లోటు లోటే.

మఱియొక విషయము. మొదటి భర్త వేఱొకతెను పెండ్లాడుట కామె యడ్డు చెప్పలేదు. ఆయన మరణానంతర మా రెండవ భార్యకు ఆశ్రయమిచ్చి, చేతిపని నేర్పించి, జీవనోపాధి కల్పించెను. మన కథలలో సవతి యనగా కలహమునకు మాఱుపేరు. ఇచ్చట నామెయు నొక విద్యార్థిని యయ్యెను. ఈ వృత్తాంతమును రచయిత్రి మిక్కిలి పొదుపుగా చెప్పినది. తన మంచితనమును తానే విస్తరించుట యౌచిత్యము కాదని తలచియుండవచ్చును. స్వీయచరిత్ర వ్రాయువారి కట్టి మౌనము భూషణమే. ఇతరులు వ్రాయునపు డది దోషమగును. ఆ దోషమును మన పాఠ్యపుస్తకకర్త లొనర్చుచున్నారు.

వారిని మేము కోరున దొక్కటి. టిక్కెట్టు కథను తీసివేయ నక్కఱలేదు. దాని ప్రక్కనే వసతిగృహపు ప్రకటన కథను జేర్చుడు. గత సంవత్సరము మా తరగతినుండి యొక బాలిక పెండ్లి కారణముగ చదువు మానినది. చక్కని బుద్ధిశాలిని. గొప్పవానిని వాకిట నిలిపిన బాలిక కథ యామెకు కంఠస్థము. తెగిన చదువును మరల నెత్తికొనవచ్చునని మాత్ర మామెకు మేము చెప్పియుండలేదు. ఆ కొఱంత మమ్మును బాధించుటవలననే యీ నాలుగు మాటలు వ్రాసితిమి.