పంది పొట్టలో పాఠం

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఊరికి క్లోమంతో (ప్యాంక్రియాస్‌తో) పాత చుట్టరికం ఉంది. 1889లో, ఆ ఊరు జర్మనీ ఏలుబడిలో ఉన్నప్పుడు, మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమం తీసేసి చూశారు. దానికి మధుమేహం వచ్చింది. అదే ఊళ్లో 1994లో ఝాక్ మారెస్కో ఇర్కాడ్ అనే సంస్థ పెట్టారు. దేశదేశాల సర్జన్లు అక్కడికి వెళ్లి, మత్తిచ్చిన పందులపై చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్లు సాధన చేస్తారు.

పందే ఎందుకు? దాని అవయవాల కొలతలు మనిషికి దగ్గరగా ఉంటాయి. పైగా అది బతికున్న ఒళ్లు. ఊపిరితో పాటు కాలేయం కదులుతుంది. నాళం తెగితే నెత్తురు చిమ్మి కెమెరా అద్దాన్ని కప్పేస్తుంది. అప్పుడు ఏ చేత్తో నొక్కిపట్టాలో, ఏ చేత్తో క్లిప్పు వేయాలో ప్లాస్టిక్ బొమ్మ దగ్గర తెలియదు.

అయితే పంది క్లోమం మన క్లోమంలా ఉండదు. అది కాలేయానికి వెళ్లే పెద్ద సిర చుట్టూ తిరిగి ఉంటుంది. పిత్తనాళం, క్లోమనాళం పేగులోకి వేర్వేరు చోట్ల తెరుచుకుంటాయి. కాబట్టి క్లోమం తల తీసే విప్పుల్ ఆపరేషన్‌ను ఉన్నదున్నట్టు దానిపై నేర్చుకోవడం కుదరదు. కుట్టు మాత్రం వంటబడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాన్ని పేగుకు అతకాలి. దారం కాస్త గట్టిగా లాగారో, మెత్తటి క్లోమం వెన్నలా తెగిపోతుంది. అక్కడ కారిన రసం పక్కనున్న రక్తనాళాల్నే తినేస్తుంది.

ఈ కుట్టుకు ప్రాణమున్న జంతువే కావాలా? అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో కృత్రిమ కణజాలంతో చేసిన అవయవాలపై రోబోతో కుట్లు వేయించి, ఆ వీడియోలు చూసి మార్కులు వేస్తారు. బ్రిటన్ అయితే చేతి నైపుణ్యం కోసం బతికున్న జంతువుల్ని కోయడాన్ని 1876లోనే నిషేధించింది. 1986 చట్టం కూడా మైక్రోసర్జరీకి మాత్రమే సందిచ్చింది. అయినా అక్కడ సర్జన్లు తయారవుతూనే ఉన్నారు. ఈ మాట పంది ల్యాబుల వాళ్లకు అంతగా రుచించదు.

అసలు పరీక్ష ల్యాబు దాటాకే. నెదర్లాండ్స్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన సర్జన్లతోనే విప్పుల్ ఆపరేషన్‌ను కీహోల్ పద్ధతిలో చేయించి, పొట్ట కోసి చేసే పద్ధతితో పోల్చారు. లెపర్డ్-2 అనే ఆ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. 90 రోజుల్లో కీహోల్ వైపు 50 మందిలో ఐదుగురు, రెండోవైపు 49 మందిలో ఒక్కరు చనిపోయారు. ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

అందుకే క్లోమానికి కీహోల్ ఆపరేషన్ అని డాక్టరు చెబితే, ఇలాంటివి ఎన్ని చేశారో, మొదట్లో పక్కన నిలబడి నేర్పిందెవరో మొహమాటం లేకుండా అడగండి.